ఖుల్లా పార్టీ క్యాంపు

ఆశ్రిత సంచీ సర్దుకుంటుంటే వాసవాంబ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. కోడలు పెట్టిన ప్రతి బట్టనూ బయటికి తీసి, మడత సరిచేసి, మళ్లీ లోపల పెడుతోంది. ఒక్క రాత్రికి రెండు చీరలు ఎందుకని ఆశ్రిత ఒకటి తీసి మంచం మీద పడేసింది. దువ్వెన కోసం అటు తిరగగానే అత్తగారు ఆ చీరను సంచీ అడుక్కి తోసేసింది.

"చూసిన అత్తమ్మా."

"చూస్తే చూసినవ్. ఉండనీ. ఒక్క రాత్రి అనుకొని పోయినోళ్లు..." అని వాసవాంబ ఆగిపోయింది. బయలుదేరే మనిషి ముందు అనకూడని మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "తువ్వాల పెట్టుకున్నవా?" అంది.

"రేపు మూడు గంటలు దాటిందంటే నేను మన గల్లీల ఉంట. పొద్దుమీకి నీకు చాయ్ నేనే పెడ్త. ఫికర్ చేయకు."

ఫికర్ చేయకుండా ఉండటం వాసవాంబకు ఏనాడూ పట్టుబడని విద్య. ఇంట్లోంచి ఎవరు గడప దాటినా, తిరిగి చెప్పుల చప్పుడు వినిపించేదాకా ఆమె చూపు గడప మీదే ఉంటుంది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు అన్న ప్రేమ్‌రాజ్ ఒక పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని బయటికి నడిచాడు. బయలుదేరే మనిషిని "ఎక్కడికి" అని అడగరాదు, పోయే పని చెడుతుందని తల్లి నేర్పింది. ఆమె అడగలేదు. అన్న సాయంత్రం రాలేదు, మర్నాడూ రాలేదు. వెతకడానికి బయలుదేరిన మేనమామలు గడపలో నిలబడి "ఏడికి పోయిండే?" అని అడిగితే, నాంపల్లి అనాలో కాచిగూడ అనాలో తెలియక నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్లయినా కలలో ఎవరో ఒకరు వచ్చి ఆ ప్రశ్న అడుగుతూనే ఉంటారు.

గౌలిపురలో వాళ్లది ఒకప్పుడు కిరాణా దుకాణం. భర్త సీతారాం గుండెపోటుతో పోయాక దుకాణమూ పోయింది. కొడుకు సాగర్ పక్క వీధిలో బాబురావు ఫంక్షన్ హాలుకు మేనేజరయ్యాడు. పేరుకు మేనేజరు గానీ కుర్చీల దగ్గర్నుంచి కరెంటు దాకా అన్నీ వాడి నెత్తి మీదే. కోడలు ఆశ్రిత ఇంట్లోనే ఇడ్లీ పిండి, దోశ పిండి రుబ్బి, సాయంత్రాలు గల్లీ మొగదల బండి మీద అమ్మేది. బండికి పర్మిట్ లేదని ఒకసారి, ఉన్న పర్మిట్ ఈ రోడ్డుకు చెల్లదని మరోసారి, రోడ్డు వెడల్పు చేస్తున్నామని ఇంకోసారి లారీ వచ్చి ఆ బండిని ఎత్తుకుపోయింది. చివరిసారి బకెట్లు బోర్లాపడి పిండంతా రోడ్డు పాలైంది. ఆశ్రిత ఏడవలేదు. ఆ తెల్లటి పిండిలో కాళ్లు పెట్టుకుని నిలబడి, "నేను రుబ్బుతున్న, వాళ్లు కొంటున్నరు. నడుమ నువ్వెవరన్నా?" అని అడిగింది. ఎవరో ఫోన్‌లో తీశారు. ఆ ముక్క పాతబస్తీ అంతా తిరిగింది.

అది చూసే శ్రవణ్‌కుమార్ అనే వకీలు వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. దేశంలోని కొన్ని చిన్న పార్టీలు కలిసి స్వేచ్ఛా కూటమి పెట్టుకున్నాయనీ, ఈసారి పార్లమెంటు ఎన్నికల్లో నిలబడుతున్నాయనీ చెప్పాడు. సర్కారు కాపలా కాయాలి, తగువులు తీర్చాలి, అంతకు మించి మనిషి తిండిలో, బేరంలో, పూజలో, నమాజులో వేలు పెట్టరాదు. అదీ వాళ్ల మాట. వాళ్లలో వాళ్లకు కూడా అదే పద్ధతి. హుకుం ఇచ్చేవాడు లేడు. ఎవరైనా ఎప్పుడైనా రావచ్చు, ఎప్పుడైనా పోవచ్చు. గౌలిపుర జనం దానికి "ఖుల్లా పార్టీ", అంటే తలుపుల్లేని పార్టీ, అని పేరు పెట్టి నవ్వుకున్నారు. ఆశ్రిత మాత్రం నవ్వలేదు. హైదరాబాద్ సీటుకు నామినేషన్ వేసి వచ్చింది.

నవ్వనివాడు ఇంకొకడు ఉన్నాడు, బాబురావు. ఆయన పెద్ద పార్టీ మనిషి. గౌలిపుర నుంచి వేరే నామినేషన్ ఒక్కటి కూడా మిగలదని పైవాళ్లకు మాట ఇచ్చి వచ్చాడు. ఆశ్రితకు ఎన్ని ఓట్లు వస్తాయన్నది ఆయనకు పట్టదు. తన హాల్లో పనిచేసేవాడి పెళ్లామే తన మాట దాటితే, రేపు గల్లీలో తన మాట ఎవడు వింటాడన్నదే ఆయన బాధ. నామినేషన్ వెనక్కి తీసుకోవడానికి సోమవారం మధ్యాహ్నం మూడు దాకానే గడువు. ఆశ్రిత తన చేత్తో సంతకం పెడితే తప్ప అది కాదు. కాబట్టి ఆ మూడు దాటేదాకా ఆమె బాబురావు చేతికి దొరక్కూడదు.

ఇలాంటప్పుడు ఏ పార్టీ అయినా చేసేది ఒకటే. మనుషులను క్యాంపుకు తరలిస్తారు. ఫోన్లు గుంజుకుంటారు, గేటుకు తాళం వేస్తారు, బిర్యానీలు లోపలికే పంపిస్తారు. ఖుల్లా పార్టీవాళ్లకు ఆ దారి లేకపోయింది. ఎవరినీ కట్టేయరాదని చెప్పుకుని తిరిగే వాళ్లు తమ మనిషినే గదిలో పెట్టి తాళం ఎలా వేస్తారు? గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకుని చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. క్యాంపు తలుపుకు తాళం ఉండదు. ఎవరి ఫోన్ వాళ్ల దగ్గరే ఉంటుంది. పోయే మనిషి, ఎక్కడికి పోతున్నదీ తనకు ఇష్టమైన ఒక్క మనిషికి చెప్పి మరీ పోవాలి. అలా చెప్పనివ్వకుండా తీసుకుపోతే అది ఎత్తుకుపోవడమే అన్నాడు శ్రవణ్‌కుమార్.

ఆశ్రిత సంచీ జిప్పు లాగి, అత్తగారి చెవి దగ్గరికి వంగింది.

"కిషన్‌బాగ్‌ల మా పార్టీ ఇషాక్ భాయ్ ఇల్లు. ఫలక్‌నుమాల బీరువాల కార్ఖానా ఉన్నది చూడు, ఆ ఇషాక్ భాయ్. మసీదు దాటినంక రెండో గల్లీ, పచ్చ తలుపు. నీకొక్కదానికే చెప్తున్న."

వాసవాంబ వెనక్కి జరిగింది. "నాకెందుకే? సాగర్‌కు చెప్పు. నా నోట్ల నువ్వుగింజ నానదని నీకు తెల్వదా?"

"తెలుసు. ఆయనకు చెప్తే బాబురావు సేట్‌కు చెప్పినట్టే అత్తమ్మా. ఆయన నోరు చెప్పకపోయినా మొహం చెప్తది."

అది నిజమే. సాగర్ మొహం గాజు సీసా. లోపల ఏముందో బయటి నుంచే కనిపిస్తుంది.

"ఒట్టు గిట్ట పెట్టను. మా పార్టీల ఒట్లు లేవు. నీకు చెప్పాలనిపిస్తే చెప్పు," అని ఆశ్రిత సంచీ భుజానికి వేసుకుంది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. "కాని చెప్పకు."

అడగకుండానే ఎక్కడికో చెప్పి గడప దాటిన మనిషిని వాసవాంబ తన జన్మలో మొదటిసారి చూసింది. మొదట ఎంతో ఊరటగా అనిపించింది. ఆశ్రిత గల్లీ మలుపు తిరిగి కనిపించకుండా పోయేసరికి ఆ ఊరట కాస్తా ఒళ్లో పెట్టుకున్న నిప్పులా కాలడం మొదలుపెట్టింది. ఈ భూమ్మీద ఆ పచ్చ తలుపు సంగతి ఆమె నోరు జారితే చాలు, ఎవరికైనా తెలిసిపోతుంది.

సాగర్ దీపాలు పెట్టకముందే వచ్చాడు. పెళ్లిళ్ల రోజులు, ఆ వేళకు వాడు ఎన్నడూ ఇంటికి రాడు. చెప్పులు విడవకుండానే వంటింట్లోకీ వెనక గదిలోకీ తొంగి చూసి, వచ్చి తల్లి ఎదురుగా కూర్చున్నాడు.

"పోయిందా?"

"పోయింది."

"ఏడికి?"

వాసవాంబ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. అవి పొద్దున ఏరిన బియ్యమే. "పోయేటోళ్లను అట్ల అడుగుతరారా?"

"నువ్వు అడగవు. నీకు చెప్పకుండ అది పోదు. నన్ను మరీ పిచ్చోణ్ణి చేయకు అమ్మా."

"అన్నం తిను."

సాగర్ తినలేదు. చేటలోంచి రెండు గింజలు తీసి వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాడు. ఆశ్రిత బండి మొదలుపెట్టినప్పుడు దాని చక్రాలకు ఎర్ర రంగు వేసింది వాడే. రోజూ హాలుకు పోయేముందు పిండి బకెట్లు మోసుకుపోయి బండి మీద పెట్టి వెళ్లేవాడు. పెళ్లాం మీద వాడికి కోపం లేదు. వాడిలో ఉన్నది భయం ఒక్కటే.

"సేట్ ఇయ్యాల ఏమన్నడో తెలుసా?" అన్నాడు మెల్లగా. "నీ పెండ్లాం పార్లమెంటుకు పోతది, నువ్వేమో నా హాల్ల ఎంగిలి ఇస్తార్లు ఎత్తిపిస్తవు, ఇదెట్ల కుదుర్తదిరా సాగర్ అన్నడు. నలుగురి ముందట. అందరు నవ్విన్రు. నేను గుడ నవ్విన."

"నువ్వెందుకు నవ్వినవ్‌రా?"

"నవ్వకపోతే బాగుండది గద."

వాసవాంబ చేట కింద పెట్టింది. ఆ పచ్చ తలుపు పెదవుల దాకా వచ్చింది. కొంగు చివర పళ్ల మధ్య పెట్టుకుని, పొయ్యి దగ్గర పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయింది. ఆ రాత్రి తల్లీ కొడుకూ పక్కపక్క గదుల్లో నిద్రపోతున్నట్టు నటించారు.

సోమవారం పొద్దున బాబురావు స్వయంగా వచ్చాడు. ఇద్దరు మనుషులను గల్లీలోనే నిలబెట్టి, తాను ఒక్కడే వచ్చి అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. తెల్లటి బట్టలు, నుదుట బొట్టు, మాటలో తేనె.

"ఏమక్కా, పానం ఎట్లున్నది? మోకాళ్ల నొప్పులు తగ్గినయా?"

"ఉన్నం బాబురావూ."

"కోడలు ఊరికి పోయిందట గద."

"పోయింది."

"మంచిది, మంచిది. పోనీ. నేను బలవంతం చేసేటోణ్ణి కాదక్కా. ఆ ఖుల్లా పార్టోళ్లు ఏమంటరు? ఎవరి ఇష్టం వాళ్లది అంటరు. నాకు గుడ ఆ మాట మస్తు నచ్చింది." ఆయన గ్లాసు పైకెత్తి, పెదవులకు తగలకుండా నీళ్లు గొంతులో పోసుకున్నాడు. "నా హాల్ల ఎవరిని పెట్టుకోవాలె, ఎవరిని తీసెయ్యాలె, అది నా ఇష్టం. ఈ గల్లీల ఎవరితోటి మాట్లాడాలె, ఎవరి పెండ్లికి పోవాలె, అది గుడ నా ఇష్టమే. అంతే గద? సర్కారు నడుమకు రావొద్దు గద?"

ఆశ్రిత నోట విన్నప్పుడు గాలి ఆడినట్టున్న మాటలు ఈయన నోట వింటుంటే వాసవాంబకు గొంతు పిసికినట్టున్నాయి.

"సాగర్‌గాడు మంచోడక్కా. మనసు మెత్తన. వాణ్ణి చూస్తే నాకే జాలైతది," అని బాబురావు గ్లాసు అరుగు మీద బోర్లించి లేచాడు. "మూడు దాకా టైమున్నది. ఆలోచించుకో."

ఆయన పోయాక వాసవాంబ ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పొయ్యి మీద పప్పు మాడింది. పక్కింటావిడ పలకరిస్తే, నోరు తెరిస్తే ఏం జారిపోతుందోనని తల ఊపి లోపలికి వచ్చేసింది. ఒకసారి ఆశ్రితకు ఫోన్ చేయాలనుకుంది. చేస్తే ఏమవుతుందో, ఎవరు వింటారో అని మానుకుంది. గోడ మీది గడియారం మాత్రం ఎన్నిసార్లు చూసినా అక్కడే ఉన్నట్టుంది.

పన్నెండు దాటాక సాగర్ పరుగున వచ్చాడు. జుట్టు చెదిరిపోయి ఉంది. చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది. గడపలోనే కూలబడ్డాడు.

"అమ్మా, ఆశ్రితకు యాక్సిడెంట్ అయిందట."

వాసవాంబ వాడి భుజం పట్టుకుంది. "ఎవరు చెప్పిన్రు?"

"హాల్ దగ్గరికి ఎవరో వచ్చి చెప్పిన్రు. స్కూటర్ మీద తీస్కపోతుంటే లారీ తగిలిందట. ఏ దవాఖానల ఏసిన్రో తెల్వది. అది ఎవరింట్ల ఉండెనో వాళ్లకే తెలుస్తది. చెప్పమ్మా, నేను పోయి అడుగుత. జల్ది చెప్పు."

ఆమె ఆశ్రిత నంబరు నొక్కింది. స్విచ్ఛాఫ్. మళ్లీ నొక్కింది. స్విచ్ఛాఫ్. ఎదురుగా కొడుకు మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు నిజమైనదే, తల్లికి ఆ మాత్రం తెలుస్తుంది. వాడు దేని గురించి ఏడుస్తున్నాడన్నదే ఆమెకు ఆ నిమిషంలో తట్టలేదు.

"నువ్వు ఇంట్లనే ఉండు," అంది లేస్తూ. "నేను పోయి కనుక్కొని వస్త."

"నేను తీస్కపోత. బండున్నది."

"వద్దు. ఫోన్ వస్తే ఎత్తనీకి ఒకరుండాలె. నువ్వుండు."

అంత భయంలోనూ మాట నిలబెట్టుకున్నాననే అనుకుంది. చార్మినార్ వైపు నడిచి ఆటో ఎక్కింది. కిషన్‌బాగ్ అనకుండా జూపార్కు అని చెప్పింది. అక్కడ దిగి, కాస్త దూరం నడిచి, ఇంకో ఆటో మాట్లాడుకుంది. దారి పొడుగునా ఆమెకు రోడ్డు మీద ఒలికిన తెల్లటి పిండే కనిపించింది, అందులో ఎరుపు కనిపించింది. దేవుళ్లందరికీ పేరుపేరునా మొక్కింది. తెలివంతా ముందున్న దారి మీద పెట్టింది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు.

పచ్చ తలుపు ఓరగా తీసే ఉంది. తోసుకుని లోపలికి పోయేసరికి, నడవాలో చాప మీద ఆశ్రిత కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. పక్కన ఇషాక్ భార్య వహీదా ఏదో చెబుతుంటే పకపకా నవ్వుతోంది.

వాసవాంబ ఆమె మీద పడి భుజాలు, చేతులు, తల అన్నీ తడిమింది. "ఏం కాలేదా నీకు? ఏం కాలేదా?"

"నాకేమైతది అత్తమ్మా? ఏంది, గిట్ల వచ్చినవ్?"

"ఫోన్ ఎందుకు బంద్ పెట్టినవే?"

"పొద్దుగాల నుంచి ఆయన ఒకటే చేస్తున్నడు. ఎత్తలేక నేనే బంద్ పెట్టిన." ఆశ్రిత నవ్వు మెల్లగా ఆరిపోయింది. చేతిలోని వెల్లుల్లి కింద పెట్టింది. "నాకేదో అయిందని ఆయననే చెప్పిండా?"

వాసవాంబ జవాబు చెప్పేలోగా బయట మోటారు సైకిల్ ఆగిన చప్పుడైంది. ఆ ఇంజను దగ్గు ఆమెకు నిద్రలో కూడా గుర్తే. దాని వెనకే కారు ఆగింది. కారు తలుపులు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి.

ముందు గదిలోంచి ఇషాక్, శ్రవణ్‌కుమార్ బయటికి వచ్చారు. ఇషాక్ కిటికీ సందులోంచి చూసి, "బాబురావు. ఐదారుగురున్నరు. సాగర్ భాయ్ గుడ ఉన్నడు," అన్నాడు.

"తలుపెయ్యిండ్రి," అంది వాసవాంబ.

శ్రవణ్‌కుమార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మంచి మనిషే, కాని మాట్లాడకుండా ఏ పనీ చేయలేడు. "వేయొచ్చు. కాని ఆలోచించాలె. మన క్యాంపు తలుపుకు తాళం ఉండదని మనమే తీర్మానం చేసుకున్నం. రేపు వాళ్లు, ఈమెను బంధించిన్రు అంటరు. ఆశ్రితగారు తన ఇష్టంతోనే—"

"వకీల్ సాబ్," అంది వహీదా కొంగుకు చేతులు తుడుచుకుంటూ, "మీ క్యాంపు తలుపు మీరు తెరిచి పెట్టుకోండ్రి. ఇది నా తలుపు. ఈ ఇల్లు మా అమ్మీ నాకు ఇచ్చింది, ఇషాక్‌కు గుడ ఇయ్యలేదు. నా ఇంట్లకు ఎవరు రావాల్నో నేను చెప్త. మొన్న మీటింగ్‌ల మీరు చెప్పిందేంది? సొంత జాగాకు సొంత మాలిక్ అనలేదా?"

శ్రవణ్‌కుమార్ కళ్లజోడు పెట్టుకున్నాడు. "అది కరెక్టే," అన్నాడు. ఆ గాభరాలోనూ వాదం ఓడిపోయినందుకు కొంచెం సంతోషించినట్టే కనిపించాడు.

వహీదా తలుపు మూసి, అడ్డగడియ వేసి, దాని మీద పై గొళ్లెం కూడా లాగింది. మరుక్షణం బయటి నుంచి దెబ్బ పడింది.

"ఆశ్రితమ్మా, రా తల్లీ," అని బాబురావు గొంతు. ఇంకా తేనె తగ్గలేదు. "కారున్నది. పదిహేను నిమిషాల పని. ఒక్క సంతకం పెట్టి ఇంటికి పోదువు. మీ అత్త గుడ వచ్చింది గద, ఇద్దరిని దింపుత."

"నేను రాను సేట్," అంది ఆశ్రిత.

"మొగుడు వచ్చి పిలుస్తున్నడమ్మా."

"ఆయన పిలుస్తలేడు. నువ్వు పిలుస్తున్నవ్."

రెండో దెబ్బకు గోడ మీది సున్నం రాలింది. వహీదా కిటికీ రెక్క కొంచెం తెరిచి, "ఎవరింటి తలుపు కొడుతున్నవ్ భాయ్? మందిని పిలవాల్నా?" అంది. పిలవక్కర్లేకపోయింది. గల్లీలో ఇళ్ల తలుపులు అప్పటికే తెరుచుకుంటున్నాయి. టోపీలు పెట్టుకున్న ముసలివాళ్లు వచ్చి ఎదుటి అరుగు మీద కూర్చున్నారు. చేతిలో పానా పట్టుకుని మెకానిక్ ఒకడు వచ్చి నిలబడ్డాడు. అందరూ ఊరికే చూస్తున్నారు. గౌలిపుర మనుషులు కిషన్‌బాగ్‌లో ఒక తలుపు విరగ్గొడితే అది ఆశ్రిత నామినేషన్ సంగతిగా మిగలదు. సాయంత్రానికి అది ఇంకేదో అవుతుంది, రెండు బస్తీల్లోనూ షట్టర్లు పడతాయి. పాతబస్తీలో పుట్టినవాళ్లకు అది విడమరిచి చెప్పనక్కర్లేదు. బాబురావుకూ తెలుసు. మూడో దెబ్బ పడలేదు.

ఇషాక్ పోలీసులకు ఫోన్ చేశాడు. వస్తున్నామన్నారు. "సర్కారుకు ఈ ఒక్క పనే ఉంచుదామని అన్నం," అని శ్రవణ్‌కుమార్ తనలో తాను గొణుక్కున్నాడు.

వాసవాంబ తలుపు పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. అంతా తన వల్లే. నోరు విప్పకుండా దాచిన చోటును కాళ్లతో నడిచి వచ్చి చూపించింది. కోడలి మొహం చూడలేక, తలుపు కింది సందులోంచి పడుతున్న వెలుతురును చూస్తూ కూర్చుంది. ఆ వెలుతురులో చెప్పుల నీడలు అటూ ఇటూ కదులుతున్నాయి.

కాసేపటికి బయట బాబురావు గొంతు మారింది. తేనె పోయింది. అయితే ఆయన ఇప్పుడు తలుపుతో మాట్లాడటంలేదు.

"ఏమిరా, ఇంతేనా నీ మొగతనం? పెండ్లాంను తెస్త అని ఒప్పుకున్నవ్. తల్లిని ఏడిపించి జాగ కనుక్కున్నవ్. ఇప్పుడు గోడ లెక్క నిలబడ్డవ్."

సాగర్ ఏదో అన్నాడు. లోపలికి వినిపించలేదు.

"అవన్నీ నాకొద్దు. హాల్ తాళాలు ఇటియ్యి. గీడనే ఇయ్యి, అందరు చూస్తరు. జేబుల చెయ్యి పెట్టు. ఆ, గట్ల. రేపటి సంది నా గేటు ముందటికెళ్లి గుడ నడవకు."

తాళాల గుత్తి చప్పుడైంది. ఎవరో సన్నగా నవ్వారు. సాగర్ కూడా నవ్వాడా అని వాసవాంబ చెవులు రిక్కించింది. వాడి నవ్వు వినిపించలేదు.

కారు స్టార్టయిన చప్పుడైంది, కాని అది కదిలిందో అక్కడే ఉందో తెలియలేదు. తలుపు కింది వెలుతురులో ఒక జత చెప్పులే మిగిలాయి. అవి బాగా దగ్గరికి వచ్చి ఆగాయి.

"అమ్మా."

తలుపుకు అవతల, ఆమె తలకు సరిగ్గా ఎదురుగా ఉంది ఆ గొంతు. వాడూ కింద కూర్చున్నట్టున్నాడు.

"అమ్మా, జర తలుపు తియ్యి. ఆశ్రితను బయటికి రమ్మంటలేను. నేనే లోపల్కి వస్త. నాకు గీడ ఉండబుద్ధైతలేదు. అందరు చూస్తున్నరమ్మా."

ఇషాక్ కిటికీ దగ్గరికి పోయి తొంగి చూశాడు. "కారు మలుపు కాడ ఆగున్నది. మనుషులు దిగే ఉన్నరు," అన్నాడు గుసగుసగా. "గొళ్లెం తీస్తే ఉరికొస్తరు."

వహీదా గొళ్లెం మీద చెయ్యి వేసి వాసవాంబ వైపు తిరిగింది. "నీ కొడుకు అమ్మా. నువ్వు తియ్యమంటే తీస్త. వద్దంటే తియ్య."

వాసవాంబ శ్రవణ్‌కుమార్‌ను చూసింది. ఎప్పుడూ మాటలు తడుముకోని మనిషి తల దించుకున్నాడు. ఆశ్రితను చూసింది. ఆశ్రిత పెదవులు కదిలాయి. "నాకు తెల్వది అత్తమ్మా. ఆ గొంతు నిజమైందే అనిపిస్తది. ఇందాకటి ఏడుపు గుడ నిజమే అనిపిచ్చింది గద నీకు."

ఇందాక ఇంటి గడపలో కూలబడి వెక్కిన ఏడుపు. స్కూటరు, లారీ. ఆమె ఆ ఏడుపును నమ్మే ఇక్కడిదాకా వచ్చింది. మూడు కావడానికి ఇంకా కొంత వ్యవధి ఉంది. ఒక్కసారి మోసపోవడం వేరు, అదే గొంతుకు అదే పూట రెండోసారి మోసపోతే కోడలి ముఖం ఇక జన్మలో చూడలేదు. వాడు చిన్నప్పుడు ఉరుములకు భయపడి ఇలాగే తలుపు అవతల నిలబడి పిలిచేవాడు. ఆ సంగతి ఇప్పుడు గుర్తుకు తెచ్చుకోకూడదని ఆమె తన చేతిని తానే గట్టిగా గిల్లుకుంది.

"అమ్మా, ఉన్నవా?"

"ఉన్నరా," అంది. "మూడు కానీ కొడుకా. మూడు కాంగనే తీస్త. అంతదాక ఉండు."

"అంతదాక ఏడ ఉండాలె?"

వాసవాంబ వహీదా వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. వహీదా గొళ్లెం మీద నుంచి చెయ్యి తీసేసింది.

తలుపు కింద చెప్పులు కొద్దిసేపు కదలలేదు. తర్వాత లేచాయి. వెలుతురు ఖాళీ అయింది. ఆమె ఇంజను దగ్గు కోసం విన్నది. అది మొదటి తన్నుకు పట్టుకోలేదు, రెండో తన్నుకు పట్టుకుంది. చప్పుడు గల్లీ పొడుగునా పోయి ఎక్కడో రోడ్డు రొదలో కలిసిపోయింది.

శ్రవణ్‌కుమార్ ఫోన్ చూసి, "అయింది," అన్నాడు. మూడయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వహీదా గొళ్లెం తీసి, అడ్డగడియ తీసి, తలుపు బార్లా తెరిచింది. కారు లేదు. ఎదుటి అరుగు మీది ముసలాయన వాసవాంబను చూసి, "బహద్దూర్‌పురా దిక్కు పోయిండమ్మా నీ కొడుకు. పిలిచిన, పలకలే," అన్నాడు. పోలీసు జీపు అప్పుడే గల్లీలోకి తిరుగుతోంది.

ఆ సాయంత్రం వాసవాంబ, ఆశ్రిత ఇంటికి వచ్చి దీపం పెట్టుకుని కూర్చున్నారు. సాగర్ ఫోన్ మోగింది గాని ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నుంచి మోగడం కూడా మానేసింది.

పోలింగ్ ఇంకా కొద్ది రోజులుందనగా కూటమి విడిపోయింది. ఢిల్లీలో ఒక పార్టీ తన ఇష్టప్రకారం బయటికి పోయింది, దాన్ని చూసి ఇంకొకటి పోయింది. ఉండమని చెప్పే హక్కు ఎవరికీ లేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు. శ్రవణ్‌కుమార్ ఆ మాట చెప్పడానికి వచ్చి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఓటు మిషన్ మీద ఆశ్రిత పేరు మాత్రం ఉండిపోయింది, ఇక తీయడానికి లేదు. ఆమె ఓట్ల కోసం తిరగలేదు. చేతిలో సాగర్ ఫోటో పట్టుకుని స్టేషన్లూ దవాఖానలూ తిరిగింది. కొందరు ఆమెను గుర్తుపట్టి, "నువ్వు పిండి ఆంటీవి గద, నీకే ఏస్తం," అన్నారు. వేశారు కూడా. ఆ ఓట్లు ఎక్కడా లెక్కలోకి వచ్చేన్ని కావు.

మోటారు సైకిల్ ఫలక్‌నుమా రైల్వే స్టేషన్ బయట దొరికింది. ఎండకు సీటు పగిలి ఉంది. తాళంచెవి దానికే ఉంది.

సాగర్ రెండు వేల ఇరవై నాలుగు ఏప్రిల్ ఇరవై తొమ్మిది, సోమవారం మధ్యాహ్నం మూడు కాకముందు కిషన్‌బాగ్ నుంచి వెళ్లాడు. తిరిగి రాలేదు.